వృద్ధుల పిలుపుగంట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయము వెలసి 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. ఈ గ్రామమున లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. పగలు చిట్టా, ఆవర్జా. రాత్రి ఈ బీరువాల నుండి తీసికొనిపోయిన భారత భాగవతములు. ఇదియే నా చదువు. గురుముఖమున నేర్వనివాడను గనుక తప్పులు దొరలినచో మన్నింప ప్రార్థించుచున్నాను.

నేను భాగవతమును గూర్చి మాటలాడుదునని మీలో పలువురు తలచియుందురు. తుదకు ఆ మాట రాకపోదు. కాని నేను ముందుగా చెప్పదలచినది ఒక చిన్న గంటను గూర్చి. ఈ గ్రంథాలయము వెనుకనున్న పెంకుటింటిని బాగుచేయించి, తోడులేని వృద్ధులకు వసతిగృహముగా నేర్పరుపవలెనని పెద్దలు సంకల్పించియున్నారు. పిల్లలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, సముద్రముల కావలనో ఉండగా, పెద్ద పెద్ద ఇండ్లలో ఒంటరిగా దీపము పెట్టుకొని కూర్చున్నవారు మన వీథులలో ఎందరున్నారో మీరెరుగుదురు. సంకల్పము మంచిది. చందాల పుస్తకము నా చేతికే ఇచ్చిరి. అందు మొదటి పద్దు వ్రాయుటకు పూర్వము నేను మనవి చేయవలసిన సంగతి యొకటి కలదు.

మన ప్రాంతమున నర్సింగు హోము అనగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికా మొదలగు దేశములలో ఆ పేరునకు అర్థము వేరు. తమంత తాము లేవలేని, స్నానము చేయలేని వృద్ధులును రోగులును నెలలు, సంవత్సరములు కాపురముండెడి సంరక్షణ గృహమునకు అచట ఆ పేరు. అట్టి గృహములలో అన్నము, మందు, పడక ఎంత ముఖ్యమో, పడకనుండి మనిషిని పిలుచుకొను సాధనము అంత ముఖ్యము. నడువగలవాడు నూతియొద్దకు పోయి నీరు త్రాగును. నడువలేనివానికి ఆ గంటయే కాలు, ఆ గంటయే నోరు.

ఆ ఏర్పాటు చూచుటకు సులభమైనది. పడకచెంత ఒక బొత్తాము. దానిని నొక్కినంతనే గది వాకిటిపైన దీపము వెలుగును. పరిచారకులు కూర్చుండు చోట నొక పలకమీద ఆ గది సంఖ్య కనబడి శబ్దము వచ్చును. స్నానపు గదిలో గోడనుండి ఒక త్రాడు నేలదనుక వ్రేలాడుచుండును. జారిపడినవారు లేవనక్కరలేక పడియున్న చోటినుండియే దానిని లాగవలెనని దాని ఉద్దేశము. బొత్తామునందే చిన్న దీపమొకటి వెలుగు ఏర్పాటు కూడ కలదు. అది వెలిగినచో “నీ పిలుపు చేరినది” అని అర్థము. చీకటిలో ఒంటరిగా పడియున్నవానికి ఆ ఆవగింజంత వెలుగు ఎంత ధైర్యమో ఆరోగ్యవంతులము మనము ఊహింపజాలము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఫ్లోరెన్సు నైటింగేలు 1853లో లండనునందు హార్లే వీథిలోని రోగుల గృహమున పనికి పూనుకొన్నప్పుడు, రోగులు మ్రోగించు గంటలు నర్సు గది వెలుపలి నడవలో ఉండవలెననియు, గంట మ్రోగినప్పుడు ఒక చిన్న మూత తెరచుకొని, ఎవరు పిలిచిరో నర్సు చూచువరకు అది తెరచియే యుండవలెననియు కోరినది. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. శబ్దము గాలిలో కలిసిపోవును. మూత మాత్రము మూతపడదు. లెక్కలు వ్రాయువాడనగుటచే నాకిది వెంటనే బోధపడినది. పిలుపు ఒక బాకీ పద్దు. మనిషి వచ్చి ఎదుట నిలిచిననాడే దానికి చెల్లు.

ఇది నేను పుస్తకములలో చదివి మురిసిన సంగతియే యైనచో మీ కాలము హరించెడివాడను గాను. నా మేనత్త ఒకామె ఉండెడిది. చిన్నతనముననే భర్తను కోల్పోయి, బిడ్డలు లేక, మా ఇంటనే ఉండి నన్ను పెంచినది. నాకు అక్షరములు బడిలో వచ్చినవి గాని పద్యము ఆమె ఒడిలో వచ్చినది. సాయంకాలము అరుగుమీద గజేంద్రమోక్షము ఆమె నోట విననినాడు నాకు నిద్రపట్టెడిది కాదు. వార్ధక్యమున ఆమె మోకాళ్లు పట్టుదప్పినవి. మా ఇంటి మెట్లు ఎక్కలేకపోయినది. నా భార్యకును ఆరోగ్యము చెడి, ఇద్దరిని చూచుకొనలేక, ఆమె అంగీకారముతోనే పట్టణమునందలి యొక వృద్ధుల గృహమున చేర్చితిని. శుభ్రమైన చోటు, నిర్వాహకులును మర్యాదస్థులు. నేను లెక్కలు తెలిసినవాడనని ఎరిగి, సంవత్సరాంతమున తమ సామానుల పట్టీ సరిచూచి పెట్టుమని వారు నన్ను కోరిరి. అత్తయ్య ఉన్న చోటు గదా యని సంతోషముతో ఒప్పుకొంటిని.

మంచములు, పరుపులు, కుర్చీలు, పంకాలు లెక్కించితిని. పట్టీలో “పిలుపు గంటలు 14” అని యుండెను. పడక పడకకును తిరిగి బొత్తాములను, స్నానపు గదుల త్రాళ్లను లెక్కించితిని. పదునాలుగును ఉన్నవి. ఎదుట ఎర్రసిరాతో “సరిచూడబడినది” అని వ్రాసి సంతకము చేసితిని. ఒక్క దానినైనను నొక్కి చూడలేదు.

రెండు నెలలు గడచినవి. ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ అత్తయ్య లేచి స్నానపు గదికి పోయి జారిపడినది. నేలమీద పడియున్నదానికి త్రాడు అందలేదు. నేల తుడుచునప్పుడు తడియగూడదని, పనిమనిషి దానిని పైకెత్తి గొట్టమునకు ముడివేసినది. ఆమెలో దుర్బుద్ధి లేదు. ఆ త్రాడు ఎందులకో ఆమెకు చెప్పినవారు లేరు. అత్తయ్య కేక వేసినది. తోటి వృద్ధురాలు నిద్రలేచి తన పడకచెంతనున్న బొత్తాము నొక్కినది, నొక్కుచునే యున్నది. ఆ బొత్తాము మంచిదే, తీగ మంచిదే, వాకిటి దీపము కూడ వెలిగినది. కాని దాదిబల్లయొద్ద శబ్దమును ఎవరో తగ్గించియుంచిరి. వేరొక గదిలోని పెద్దాయన రాత్రియంతయు మ్రోగించుచుండుటచే ఓర్వలేక తగ్గించితిమని పిమ్మట చెప్పిరి. నడవ చివర కుర్చీలో కునుకు తీయుచున్న దాదికి ఏమియు వినబడలేదు. అయిదు గంటలకు కాఫీ తెచ్చిన కుర్రవాడు వాకిటిపైన దీపము చూచి తలుపు తట్టెను.

తుంటియెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది. నేను ఆసుపత్రిలో ఆమె పడకచెంత కూర్చుండి మాటరాక తలవంచుకొనియుండగా ఆమెయే నవ్వి, “ఎందుకురా ఆ ఏడుపు? గజేంద్రుడికి వెయ్యేళ్లు పట్టింది. నాకు మూడు గంటలేగా!” అన్నది. అటుపిమ్మట ఎనిమిది నెలలు బ్రదికినది. మరల తనంత తాను నడువలేదు. నేను వ్రాసిన లెక్కలలో తప్పులు దొరలినవి, దిద్దుకొన్నవి అనేకములు. ఈ యొక్క “సరిచూడబడినది” అను మాటను దిద్దుట నాకు సాధ్యము కాలేదు. ఆ సంతకము నాది. అందువలననే నేడు మీ ముందు నిలిచితిని.

పడిపోయినవారు నేలమీద ఎంతసేపు ఉన్నారన్నది, ఎంత దెబ్బ తగిలినదన్నంత ముఖ్యమని వైద్యులు చెప్పుదురు. గంటకు మించి కదలక పడియున్న వృద్ధులకు దేహమున నీరు తగ్గును. ఒత్తిడిపడిన చోట చర్మము చెడును. కండరములు నలిగి మూత్రపిండములకు కూడ కీడు కలుగవచ్చును. వీని నన్నిటిని మించి, లేచినవారికిని భయము మిగిలిపోవును. భయపడినవాడు నడక మానును. నడక మానినవాడు మరింత త్వరగా కూలును. కావున ఆ త్రాడు ముడి అల్పమైన ముడి కాదు.

మా తమ్ముని కుమార్తె అమెరికాలో ఇట్టి గృహమున నర్సుగా పనిచేయుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పితిని. ఆమె ఆ దేశపు నియమములను కంప్యూటరులో చూపి నాచేత చదివించినది. 1987లో అచటి కాంగ్రెసు ఈ గృహముల సంస్కరణకై ఒక చట్టము చేసినది. ఆ పైని కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము నివాసి పిలుపు నేరుగా పరిచారకునికో, పరిచారకులుండు చోటికో చేరవలెను. పడకచెంతనుండియు, మరుగుదొడ్డినుండియు, స్నానపు గదినుండియు పిలువగలిగి యుండవలెను. “ప్రతి నివాసి పడకచెంతనుండి” అని స్పష్టముగా చెప్పుట 2016నాటి సవరణలో వచ్చినది. నన్ను నిలువున నిలిపివేసినది తనిఖీదారుల కొరకు వ్రాసిన సూచన. బల్లయొద్ద యంత్రము ఆపివేయబడియున్నను, వినబడనంతగా శబ్దము తగ్గింపబడియున్నను, ఏదేని గది పైన దీపము వెలుగకున్నను నియమము పాటింపబడినట్లు కాదట. అన్ని భాగములును పనిచేయుచు, పిలుపులకు బదులు దొరకుచున్నప్పుడే పాటింపబడినట్లట!

ఆ బిడ్డ నాతో నన్నది: “పెదనాన్నా, తనిఖీకి వచ్చినవాళ్లు కాగితాలు చూసి ఊరుకోరు. మంచం దగ్గరికి వెళ్లి బొత్తాం నొక్కిస్తారు. ఎవరు వస్తారో చూస్తూ నిలబడతారు.” నేను చేయక విడిచిన పని అదియే. నియమమున్న చోటనెల్ల గంటలు చక్కగా మ్రోగుచున్నవని నేననను. ఆ దేశమునను తప్పులు దొరకుచునే యున్నవని ఆమెయే చెప్పినది. కాని “ఉన్నది” అనుట వేరు, “పనిచేయుచున్నది” అనుట వేరు అని అక్కడ అక్షరములలో వ్రాసియుంచిరి.

మన దేశమునను 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. జిల్లాకొకటి తక్కువకాకుండ, నిరుపేదలైన వృద్ధులు 150 మందికి చోటుండునట్లు గృహములు నెలకొల్పుటను గూర్చి అందు చెప్పబడినది. గృహము కట్టుట రాజ్యము చేయును, దాతలు చేయుదురు. గంట మ్రోగుచున్నదో లేదో నిత్యము చూచుట మాత్రము ఆ గృహమున మెలగువాడే చేయవలెను. దీనికి శిలాఫలకము లేదు, ప్రారంభోత్సవము లేదు.

అత్తయ్య మరల ఆ గృహమునకే పోయెదనన్నది. నేనును పోయి నిర్వాహకులతో, “మీ తప్పు ఎంతయో నా తప్పును అంతయే. ఇక ప్రతి ఆదివారము నేనే నొక్కి చూచెదను” అంటిని. వారు సంతోషముగా ఒప్పుకొనిరి. మొదటి ఆదివారమున పదునాలుగింటిలో అయిదు మ్రోగలేదు. రెండింట బ్యాటరీలు చచ్చిపోయినవి. ఒకదాని తీగ మంచము చక్రము క్రింద నలిగి తెగినది. ఒక బొత్తాము లోనికి పోయి తిరిగి రాలేదు. ఒక త్రాడు పై కొక్కెమునుండి ఊడి, లాగినను కదలనిదై యుండెను. ఆరవదానిని చూచి మరింత సిగ్గుపడితిని. అది చక్కగా మ్రోగుచున్నది. కాని పక్షవాతముచే ఎడమచేయి పడిపోయిన ముసలాయనకు దానిని ఎడమప్రక్కనే వ్రేలాడదీసిరి. గంటకు లోపము లేదు. ఆయనకు గంట లేదు.

ఆ ఆదివారములలో నేను నేర్చికొన్నది మన గృహమునకు పనికివచ్చునని చెప్పుచున్నాను. గంటను పరీక్షించువాడు బల్లయొద్ద కూర్చుండి మీటలు చూడరాదు. వృద్ధుని చేతికే బొత్తామునిచ్చి ఆయనచేతనే నొక్కింపవలెను. కీళ్లవాతముగలవారి వ్రేళ్లకు బొత్తాము బిగువైనచో అరచేతితో అదుమునట్టి పెద్ద బిళ్ల ఏర్పరుపవలెను. స్నానపు గదిలో నేలమీద కూర్చుండి త్రాడు లాగి చూడవలెను. పగలొకమారు, రాత్రి యొకమారు చూడవలెను; పగటి సందడిలో మ్రోగు గంటకును రాత్రి మనిషి కునుకులో మ్రోగు గంటకును భేదము కలదు. కరెంటు పోయినప్పుడు ఏమగునో మెయిను ఆపి తెలిసికొనవలెను. తీగలు లేని యంత్రములైనచో బ్యాటరీ మార్చిన తేదీని దానిమీదనే అంటింపవలెను. గోడల చాటున సంకేతము అందని మూలలు కలవేమో గది గదికిని పోయి చూడవలెను. స్నానపు గది పిలుపును ఆ గదిలోనికి పోయినవాడే ఆపునట్లుండవలెను గాని, బల్లయొద్ద కూర్చుండి ఆపుటకు వీలుండరాదు.

గంట చెడుట తప్పు కాదు, యంత్రమనగా చెడును. చెడిన సంగతి తెలియకుండుటయు, తెలిసియు ఆ రాత్రికి వేరు ఏర్పాటు లేకుండుటయు తప్పు. బాగుపడువరకు పూజగంటవంటి చేతిగంటనైనను పడకచెంత నుంచవలెను. ఒక మనిషి అరగంటకొకమారు తలుపు తీసి చూచిపోవలెను. మతిమరపు వచ్చినవారికి బొత్తామున్నదన్న మాటయే జ్ఞప్తికి రాదు. వారియెడ ఏ గంటయు మనిషి కన్నునకు బదులు కాజాలదు.

శబ్దము తగ్గించిన ఆ దాదిని నేను నిందింపజాలను. రాత్రియంతయు ఒక్కతె, గదులన్నియు ఆమెవే. ఆ పెద్దాయన ఎందులకు మ్రోగించుచుండెనో ఒకనాటి రాత్రి నేనే కూర్చుండి చూచితిని. ఒకమారు దాహము, ఒకమారు మూత్రము, ఒకమారు దుప్పటి జారుట, ఒకమారు “ఎవరైనా ఉన్నారా” అని తెలిసికొనుట. పండుకొనబోవు ముందు నీళ్లచెంబు అందునట్లుంచి, మరుగుదొడ్డికి తీసికొనిపోయి, “రెండు గంటలకు మళ్లీ వస్తాను తాతగారూ” అని చెప్పి, చెప్పిన వేళకు పోవుట ఆ దాది మొదలిడినది. గంట సగమునకు పైగా తగ్గినది. పిలువకమునుపే పోవుటవలన పిలుపులు తగ్గును. శబ్దము తగ్గించుటవలన కాదు.

నేను పెట్టిన రిజిస్టరులో నాలుగే గడులు. ఏ గది, ఎప్పుడు మ్రోగినది, ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి. మూడవ గడి ఖాళీగానున్నచో ఆ పద్దు బాకీయే. బాకీని మరునాటికి త్రోయరాదు. ఆనాడే కారణము వ్రాయవలెను. ఈ చిన్న పుస్తకము అత్తయ్య చూచినది. కన్నులకు అడ్డముగా చేయిపెట్టుకొని చదివి, “ఇన్నాళ్లకు పనికొచ్చే పుస్తకం రాశావురా” అన్నది. నాకు కలిగిన సన్మానము అదియే.

ఇప్పుడు భాగవతము మాట. గజేంద్రమోక్షమును మనము ఏనుగు మొరగా చదువుదుము, హరి త్వరగా చదువుదుము. అత్తయ్య మాత్రము నడిమి ఘట్టముననే ఆగెడిది. ఆ మొర ఒక్క హరికే వినబడలేదు. బ్రహ్మాదులకును వినబడినది. విన్నారు, ఎక్కడివారక్కడ ఉండిపోయిరి. సర్వమును తానైనవాడు గనుక అది తన పనియే యనుకొని ఆయన యొక్కడు లేచి వచ్చెను. లక్ష్మికైనను మాట చెప్పలేదు. “అందరూ విన్నారురా. వచ్చినవాడే దేవుడు” అని ఆమె ముగించెడిది. చిన్ననాడు అది కథ యనుకొంటిని. నడవలో గంట అందరికిని వినబడును. ఈ రాత్రి ఈ గదుల గంట ఎవనిదో పేరుపెట్టి వ్రాయనిచో అది ఎవ్వనిదియు కాదు. అందరును బ్రహ్మాదులమై యుందుము.

కావున పెద్దలకు నా మనవి. మన గృహమునకు పాలరాయి, ద్వారమునకు పేరు, చలువగది ఇవన్నియు పిమ్మట వచ్చుగాక. చందాల పుస్తకములో మొదటి పద్దు పిలుపుగంటలకు. రెండవ పద్దు రాత్రి మేలుకొనియుండు ఇద్దరు మనుషుల జీతమునకు. గంటల ఖర్చు ఒకనాటిది. ఆ జీతములు ప్రతి నెలయు వచ్చును, అదియే భారము. ఆ భారము మోయలేమనిపించినచో గృహము ఒక సంవత్సరము ఆలస్యముగా తెరచుట మేలు. ఆ రెండు పద్దులును లేకయే పుస్తకము ప్రారంభింతుమన్నచో, మన్నింపుడు, నేనా పుస్తకము వ్రాయజాలను. ఒకమారు నొక్కి చూడక సంతకము చేసినవాడను. రెండవమారు చేయను.

25 సంవత్సరములుగా ఈ గ్రంథాలయము చేసిన పనియు ఇదియే గదా. చదువు కావలెనన్నవాడు తలుపు తట్టెను. వేళకు తలుపు తెరచిన మనిషి ఉండెను. అందువలననే ఇది నిలిచినది. వెనుకటి పెంకుటింటను అట్టి మనిషి ఉండుగాక యని కోరుచున్నాను.